మీ బిడ్డలు అడిగినప్పుడు



సెలవులు వస్తే చాలు, ఎక్కడికైనా తీసికొని వెళ్లమని పిల్లలు అడుగుతారు. హైదరాబాదు చుట్టుప్రక్కల విచారణల వారు చాలామంది మాదాపూర్‌లోని శిల్పారామానికి వెళ్తుంటారు. 1992లో నెలకొల్పిన ఈ కళాగ్రామంలో చేనేత బట్టలు, బొమ్మలు అమ్మే అంగళ్లతోపాటు ఒక గ్రామీణ మ్యూజియం కూడా ఉన్నది. అక్కడ మట్టి గోడల ఇళ్లు, గడ్డి కప్పులు, పల్లె పనుల్లో మునిగి ఉన్న నిలువెత్తు మనుషుల బొమ్మలు కనిపిస్తాయి. కుటుంబమంతా కలిసి ఒక దినం అక్కడ గడపడం మంచిదే. ఆదివారమైతే ముందు దివ్యబలిపూజలో పాల్గొని బయలుదేరండి. అయితే ఫొటోలు తీసికొని తిరిగి వచ్చేస్తే ఆ దినం సగమే ఫలించినట్లు.

ఎందుకనగా ఆ బొమ్మల ముందు నిలబడిన బిడ్డ ఏదో ఒక సమయాన అడుగుతాడు: "నాన్నా, మన తాత ఏ పని చేసేవాడు?"

యెహోషువ గ్రంథం 4వ అధ్యాయం చదవండి. యోర్దాను నదిని దాటిన ఇశ్రాయేలీయులు నది నడుమ నుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలిపారు. ఈ రాళ్లు ఏమిటని రేపు బిడ్డలు అడిగినప్పుడు తల్లిదండ్రులు జవాబు చెప్పాలని యెహోషువ ఆజ్ఞాపించాడు. రాళ్లు నిలిపినంత మాత్రాన పని ముగియలేదు. రాళ్లకు నోరు లేదు, జవాబు చెప్పే తండ్రి కావాలి. మ్యూజియం కూడా అంతే. అది బొమ్మను చూపగలదు, జవాబు చెప్పవలసినది మీరే.

ఇక్కడే మనలో అనేకులకు నోరు పెగలదు. మన తాతముత్తాతలలో ఎందరో ఇతరుల పొలాల్లో పాలేర్లుగా, కూలీలుగా, తోలుపని చేసేవారుగా బ్రతికారు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని రోజులు కూడా వారు చూశారు. మనం చదువుకొన్నాం, ఉద్యోగాలు సంపాదించాం, పట్నంలో ఇల్లు కట్టుకొన్నాం. ఇప్పుడు కొడుకు అడిగితే "తాతకు ఊళ్లో వ్యవసాయం ఉండేది లేరా" అని మాట దాటవేస్తాం.

ఇది చిన్న విషయం కాదు. చేతులతో చేసే పని సిగ్గుపడవలసినదని బిడ్డ మన మౌనం నుండే నేర్చుకొంటాడు. రేపు వాడే వీధి ఊడ్చే వానిని, ఇంట్లో అంట్లు తోమే ఆమెను, చివరకు పల్లె నుండి వచ్చిన నాయనమ్మను కూడా చిన్నచూపు చూస్తాడు.

యేసు ప్రభువు కూడా ఈ చిన్నచూపును ఎదుర్కొన్నాడు. నజరేతువారు ఆయన బోధకు ఆశ్చర్యపడ్డారు, అంతలోనే వడ్రంగి అని తృణీకరించారని మార్కు సువార్త 6వ అధ్యాయం తెలుపుతున్నది. అయినా ప్రభువు ఆ జీవితాన్ని దాచుకోలేదు. విత్తనాలు చల్లే రైతు, పిండిలో పులిపిండి కలిపే స్త్రీ, తిరగలి విసరే ఇల్లాళ్లు, గొఱ్ఱెను వెదకే కాపరి, వీరి పనులనే తన బోధలో వాడుకొన్నాడు.

తల్లి తిరుసభ కూడా ఈ మార్గంలోనే నడిచింది. 1955లో పన్నెండవ పయస్ పోపుగారు మే 1వ తేదీని శ్రామికుడైన పునీత యోసేపుగారి పండుగగా నెలకొల్పారు. 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రమను గూర్చి వ్రాసిన విశ్వలేఖలో, పని ఏ రకమైనదన్నది కాదు, దానిని చేసేవాడు మనిషి అన్నదే పనికి మొదటి గౌరవమని బోధించారు. కనుక చెప్పు కుట్టిన చేయి, కలం పట్టిన చేయి దేవుని యెదుట సమానమే.

అలాగని పాత రోజులన్నీ బంగారు రోజులని చెప్పకండి. బొమ్మకు ఆకలి వేయదు, అప్పు ఉండదు, అవమానం తగలదు. మీ తాతగారు వాటన్నిటినీ భరించారు. వారి పనితనాన్ని చెప్పండి, వారు పడిన బాధనూ చెప్పండి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యాన్ని మరుగుపరచలేదు, ప్రతి పాస్క పండుగనాడు బిడ్డలకు చెప్పుకొన్నారు. దాస్యాన్ని దాచిపెడితే దేవుడు విడిపించిన కథ కూడా మరుగున పడిపోతుంది.

ఊళ్లో మీ పెద్దలు బ్రతికి ఉన్నారా? ఈ సెలవుల్లో శిల్పారామం కంటే ముందు పిల్లలను వారి యొద్దకు తీసికొని వెళ్లండి. వారు దున్నిన చేనును, కోసిన మడిని వారి నోటనే చూపించనివ్వండి. నడవగలిగితే వారిని కూడా శిల్పారామానికి వెంటబెట్టుకొని వెళ్లండి. వారు గతించినవారైతే, ఆ రాత్రి కుటుంబ జపమాలలో వారి పేర్లను, వారు చేసిన పనిని పైకి చెప్పి ఒక రహస్యాన్ని వారి ఆత్మల కొరకు అర్పించండి.

వచ్చే ఆదివారం గురువు పీఠంపై అప్పాన్ని పైకెత్తినప్పుడు, అది పొలంలో పండిన పంట అని, ఎందరో శ్రామికుల చేతుల మీదుగా వచ్చినదని బిడ్డ చెవిలో చెప్పండి. మీ తాతగారి చెమటను కూడా ఆ అప్పంతో కలిపి తండ్రికి సమర్పించండి.

నజరేతు తిరుకుటుంబం మీ ఇంటిని కాపాడును గాక. ఆమెన్.