పని అయిపోయిన కుక్క

బెంజ్ సర్కిల్ దగ్గర చెన్నై–కలకత్తా రహదారి, హైదరాబాదు–బందరు రహదారి కలుస్తాయి. ఒకరోజు తెల్లవారకముందే ఉయ్యూరు వైపు ఆటో కోసం అక్కడ నిలబడ్డాం. బంధువుల వాడలో కుక్క ఈనింది, పిల్లను తెచ్చుకుందామని బయలుదేరాం. ఫ్లైఓవర్ కింద ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగి, పట్టీ గుర్తు కనిపిస్తోంది. ఎవరింట్లోనో పేరు పెట్టి పిలిస్తే పలికిన కుక్కే అది. దాన్ని చూశాక ఆటోలో మా మాటలన్నీ ఇంటి దగ్గరున్న నల్లోడి మీదికే పోయాయి.

మా యానాదుల ఇళ్లల్లో కుక్క పనిలో తోడు. తాతల కాలంలో అది కౌజు పిట్టను లేపేది, కుందేలును తరిమేది, ఉడుమును పసిగట్టేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అలాంటి వేట నేరమైంది. డెల్టాలో మాకు మిగిలింది వరిగట్ల మీద ఎలుకల పని. కొత్త మట్టితో మూసిన కలుగు చూస్తే లోపల ఎలుక ఉందని మనకూ తెలుస్తుంది. అది తప్పించుకునే రెండో దారి మాత్రం ముందు కుక్కకే తెలుస్తుంది. మనం కుండతో పొగ ఊదుతుంటే అది ఆ దారి దగ్గర కదలకుండా కాస్తుంది. నల్లోడు ఏళ్ల తరబడి ఆ పని చేశాడు. ఇప్పుడు కళ్లకు పొర కమ్మింది, వెనక కాళ్లు ఈడుస్తున్నాడు.

పిల్లను ఎంచడం పెద్దలకు తెలుసు. తల్లిపాలు మానినదై ఉండాలి. పక్కనే పళ్లెం పడేస్తే పిల్లలన్నీ బెదిరిపోతాయి. వాటిలో ఏది ముందుగా తిరిగొచ్చి పళ్లెం వాసన చూస్తుందో దాన్ని తీసుకోవాలి. ఇంతవరకు తగువు లేదు. నల్లోడి సంగతి దగ్గరే మాట తెగలేదు.

మాలో ఒక కుర్రాడు, ‘రెండింటికీ గంజి ఎక్కడిది? ముసలిదాన్ని కాలవ అవతల వదిలేద్దాం’ అన్నాడు. వాడు రాతి గుండెవాడు కాదు. కూలి దొరకని రోజున ఇంట్లో గంజిని కొలిచి పోసుకోవడం చూసినవాడు. ఒక పెద్దాయన, ‘ఉండనీరా, పిల్లకు పని నేర్పుతుంది’ అన్నాడు. ఆ మాట నిజమే. పిల్ల కుక్క పెద్దదాని వెంట తిరిగే సగం పని నేర్చుకుంటుంది. కానీ నేర్పడం కూడా అయిపోయాక? పెద్దాయన మాట మంచిదే అయినా, అదీ కుక్కను పనితోనే కొలిచింది.

ఆ కొలత మనకు కొత్త కాదు. కోతల రోజుల్లో కబురు పెట్టి పిలుస్తారు. పని అయ్యాక గట్టున కూర్చున్నా ఎందుకొచ్చావని అడుగుతారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మనుషుల్ని కుక్కలతో పోల్చాలని కాదు. మన మీద పడితే అన్యాయమనే కొలతను మన చేతికింది ప్రాణి మీద వాడవచ్చా అన్నదే ప్రశ్న.

మహాభారతంలో గురువు ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడని మనం ఇప్పటికీ బాధపడతాం. అదే భారతం చివర్లో ధర్మరాజు, వెంట నడిచొచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. అది ఏ పనికొస్తుందని ఆయన లెక్క చూడలేదు, వెంట వచ్చిందన్నదే చూశాడు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరమంది. అయితే చట్టం భయపెట్టగలదు గానీ గంజి పోయలేదు.

అందుకే కుర్రాడి లెక్కను మేము తోసెయ్యలేదు. దాన్ని కాస్త ముందుకు జరిపాం. గంజి లెక్క చూడాల్సింది కుక్క ముసలిదయ్యాక కాదు, పిల్లను ఎత్తుకునే ముందు. కుక్క పదేళ్ల పైన బతకవచ్చు, గట్టు మీద చురుగ్గా తిరిగేది అందులో కొన్నేళ్లే. మిగతా ఏళ్లూ పోషించగలమా అని అడిగాకే చెయ్యి చాచాలి. ఆ రోజు ఈతలో రెండు పిల్లలు నచ్చాయి. కుర్రాడు రెండూ కావాలన్నాడు. నల్లోడి గంజి లెక్కవేసి ఒక్కదాన్నే తెచ్చుకున్నాం.

ఇప్పుడది నల్లోడి చెవి కొరుకుతుంటే వాడు ఓపిగ్గా పడుకుంటున్నాడు. ఉదయం మేము గడ్డపార తీసిన చప్పుడు వింటే మాత్రం ఇంకా లేచి నాలుగడుగులు వస్తాడు. వెనక్కి తీసుకెళ్లి గడప దగ్గర కూర్చోబెట్టి వచ్చేది ఆ కుర్రాడే.