రక్షణమా? బంధనమా?

బిడ్డను కాపాడుట తల్లిదండ్రుల ధర్మమనుటకు వివాదము లేదు. కాని కాపుదల యెచ్చట ముగియును, చెర యెచ్చట మొదలగును అను ప్రశ్న ఆటిజముగల బిడ్డలున్న యిండ్లలో ప్రతిదినమును వాకిటి గడియకడ నిలిచియే యున్నది.

ఇట్టి బిడ్డలలో పలువురు పెద్దలు కన్ను మరల్చినంతలో ఇల్లు విడిచి పోవుదురు. పిలిచిన పలుకనివారు, ఊరు పేరు చెప్పజాలనివారు వీరిలో గలరు. 2012లో అమెరికాలో ప్రకటితమైన యొక పరిశోధనలో, నాలుగేండ్లు దాటిన యిట్టి బిడ్డలు నూటికి 49 మంది యొకమారైనను వెడలిపోవ యత్నించిరని తేలినది. 2013 అక్టోబరులో న్యూయార్కు నగరమున మాటరాని 14 ఏండ్ల బాలుడొకడు పాఠశాల తలుపు దాటి పోయెను. మూడు నెలల పిదప వాని దేహావశేషములు నదీతీరమున లభించినవి.

అట్లయిన తాళమే శరణ్యమా? వీధి తలుపునకు బిడ్డ కందని యెత్తున గడియయు, తెరచిన మ్రోగు గంటయు అవసరములే. కాని బిడ్డను గదిలో నుంచి బీగము వేయుట వేరు. నిప్పంటుకొన్ననాడు ఆ బీగమే మృత్యువగును. బిడ్డ యేల పోవుచున్నాడో కూడ అది తెలుపదు. పై పరిశోధనలో తల్లిదండ్రులు చెప్పిన కారణములలో తిరుగుటయందలి వేడుక, ఇష్టమైన చోటు చేరు కోరిక, సహింపరానిదాని నుండి తప్పించుకొనుట ముఖ్యములు. చప్పుడునకు వెఱచి పోవు బిడ్డను ఆ చప్పుడులోనే బంధించుట రక్షణము గాదు, హింస. నీటిని ప్రేమించు బిడ్డను చేయిపట్టి నీటికడకు తీసికొనిపోవలెను, ఈత నేర్పవలెను, ఆగుమన్న నాగుట నేర్పవలెను. బిడ్డ కనబడనినాడు మొట్టమొదట చెరువులను, బావులను వెదకవలెను.

ఇంతకంటె పెద్ద బంధన మొకటి మన యిండ్లలో గలదు. అది సిగ్గు. తోబుట్టువుల పెండ్లిసంబంధములు చెడునని యెందఱో ఇట్టి బిడ్డను వెనుకగదిలో దాచుచున్నారు. ఆ కారణమున వాని ముఖము వీధివారెవ్వరు నెరుగరు. వాడు గడప దాటిననాడు చూచినవారు పిచ్చివాడనియో దొంగయనియో తరుముదురే కాని ఇల్లు చేర్చరు. దాచుటచే బిడ్డ సురక్షితుడగుట లేదు, దిక్కులేనివా డగుచున్నాడు. మన దేశమున 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేర్కొని, ఇట్టివారికి సంఘమున నివసించు హక్కు గలదని చెప్పినది. ఆ హక్కును మొదట కాదనుచున్నది మన గడపయే.

బిడ్డ తప్పిపోయినంతనే తల్లిని నిందించు లోకము, రేయింబవళ్లు కన్ను మూయకుండుట యే తల్లికిని సాధ్యము గాదని యెరుగవలెను. కావున తల్లి బిడ్డ చేయి పట్టుకొని పొరుగిండ్లకు పోవుగాక. పొరుగువారు వాని పేరును, వాని భయములను, వాడు పరుగిడు తావులను తెలిసికొందురుగాక. వీధి యెరిగిన బిడ్డకు వీధియంతయు కాపు.