చలిని తరిమిన చేతులు

ఆదివారం. పనికి వెళ్లక్కర్లేదు. అయినా ఆ తండ్రి చీకటితోనే లేస్తాడు. గడ్డకట్టే చలిలో బట్టలు తొడుక్కుని, వారమంతా చాకిరీ చేసి పగుళ్లుబారిన చేతులు సలుపుతున్నా నివురుగప్పిన నిప్పును రాజేస్తాడు. గదులు వెచ్చబడ్డాకే కొడుకును పిలుస్తాడు. వాడి బూట్లకు పాలిష్ కూడా పెట్టి ఉంచుతాడు. ఇంట్లో ఎవరూ ఆయనకు ఒక మంచిమాట చెప్పరు. కొడుకు ముభావంగా ఏదో అనేసి ఊరుకుంటాడు.

అమెరికా నల్లజాతి కవి రాబర్ట్ హేడెన్ రాసిన ‘దోజ్ వింటర్ సండేస్’ కవితలోని ఇల్లిది. 1962లో వచ్చిన సంపుటిలో ఉంది, పద్నాలుగే పాదాలు. 1913లో డెట్రాయిట్‌లో పుట్టిన హేడెన్‌ను పొరుగింటి దంపతులు పెంచారు. పెంపుడు తండ్రి కాయకష్టం చేసుకునే మనిషి, దైవభక్తి గల బాప్టిస్టు. చట్టప్రకారం తన దత్తత జరగనే లేదని హేడెన్‌కు నడివయసులో గానీ తెలియలేదు. కవితలో మాత్రం ఆయన నాన్నే.

ఆ ఇంటి కోపతాపాలను కవి దాచకపోవడం నాకు నచ్చింది. పిల్లవాడు భయపడుతూనే పక్క దిగుతాడు. మనం తండ్రి గురించి రాయాలంటే ముందు ఫొటోకు దండ వేసేస్తాం. దాంతో ఆయన కసుర్లూ దెబ్బలూ మాయం! హేడెన్ కవితలో భయమూ ఉంది, పగిలిన చేతులూ ఉన్నాయి. రెండూ ఒకే మనిషివి.

నిష్కామకర్మ అనగానే మనకు రుషులూ రాజర్షులూ గుర్తొస్తారు. పిల్లవాడి బూట్లు తుడిచే కూలీ గుర్తుకురాడు. ఆ బూట్లు చర్చికి వెళ్లడానికే అయి ఉంటాయి. నన్నడిగితే ఆ ఇంట్లో ఆదివారం ప్రార్థన నిప్పు రాజేసినప్పుడే మొదలైంది.

మన సంస్కృత కవి భారవి కథ అందరూ ఎరిగిందే. ఎప్పుడూ తిట్టే తండ్రిని చంపాలని బండరాయితో అటక మీద పొంచి ఉన్నాడట. ముఖం మీద పొగిడితే బిడ్డకు ఆయుక్షీణమని తండ్రి తల్లితో అనడం విని, దిగివచ్చి కాళ్ల మీద పడి శిక్ష వేయమన్నాడట. అత్తారింట్లో ఉండి రమ్మన్నాడు తండ్రి. చరిత్రకు నిలిచే కథ కాకపోవచ్చు గానీ, అందులో కొడుకు అదృష్టవంతుడు. మనసులో మాట చాటునైనా చెవిన పడింది, శిక్ష అడగడానికి తండ్రి ఎదురుగానే ఉన్నాడు.

హేడెన్‌కు ఏ అటకా దొరకలేదు. అప్పుడు నాకేం తెలుసని కవిత చివర రెండుసార్లు తనను తానే అడుగుతాడు. క్షమించమని మాత్రం అడగడు. అదే సరైనదనిపిస్తుంది నాకు. ఆ తండ్రి పొద్దున్నే లేచింది ఎవరి మెప్పు కోసమూ కాదు కదా.