లెక్కకు వచ్చిన కీర్తి, లెక్కకు రాని మేలు

వర్తకునికి లెక్కయందు గౌరవ మెక్కువ. సాయంకాలము చిట్టా సరిచూడనిదే నిద్రపట్టని ఇండ్లు మనలో ఎన్నో కలవు. అయినను అమ్మకము వేరు, లాభము వేరు అని మన పిల్లలకు సైతము తెలియును. నేడు వైద్యపరిశోధకుల యోగ్యతను నిర్ణయించుటలో ఈ చిన్న వివేకము మరుగున పడుచున్నది. ఆస్పత్రులకు, విద్యార్థివేతనములకు ధనమిచ్చు కుటుంబములు మనవి గనుక ఈ విషయము మనకు సంబంధించినదే.

పరిశోధకుడు తాను కనుగొన్నదానిని పత్రికలో వ్యాసముగా ప్రకటించును. తరువాతివారు తమ వ్యాసములలో దానిని పేర్కొందురు. ఇట్లు పేర్కొనుటయే ఉల్లేఖనము. వీనిని సూచికగా కూర్చవలెనని అమెరికా దేశస్థుడగు యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను వెలువరించెను. శాస్త్రవ్యాసములను వెదకువారికి దారి చూపుట ఆయన మొదటి యుద్దేశము. క్రమముగా ఆ సూచిక మనుష్యులను తూచు త్రాసైనది. 2005లో జార్జ్ హిర్ష్ అను భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అను అంకెను కల్పించెను. ఒకని వ్యాసములలో 20 వ్యాసములు ఒక్కొక్కటి 20 సార్లకు తక్కువ కాకుండ పేర్కొనబడినచో అతని అంకె 20.

ఈ లెక్క నిష్ప్రయోజనమని నేననను. సిఫారసు లేని యువకునికి, పెద్దల పరిచయము లేని పల్లెటూరి డాక్టరుకు అంకె ఒక అండ. దానిని బొత్తిగా పారవేసినచో ఆ చోట బంధుత్వము వచ్చి కూర్చుండవచ్చును. కావున అంకె వలదా, కావలెనా అనునది ప్రశ్న కాదు. ఆ అంకె దేనిని కొలుచుచున్నది అనునదే ప్రశ్న.

1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ మొదలగువారు 12 మంది పిల్లలను గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసిన వ్యాసము, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు వేయు టీకాకును ఆటిజమునకును సంబంధము ఉండవచ్చునను భయమును లోకమున పుట్టించెను. 2010లో ఆ పత్రికయే దానిని ఉపసంహరించెను. ఆ వ్యాసమునకు ఉల్లేఖనములు తక్కువ కావు. అందు పెక్కు ఖండనలే. కాని లెక్కలో ప్రశంసయు జమయే, ఖండనయు జమయే! జమను ఖర్చును ఒకే పద్దున వ్రాయు గుమస్తాను మన మెన్నాళ్లు కొట్టులో ఉంచుకొందుము?

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. దశాబ్దములపాటు ప్రయోగశాలలు దానిని వాడి విరివిగా పేర్కొన్నవి. కొలత పద్ధతి అందరి చేతికిని పనిముట్టు గనుక అట్లగుట సహజము. ఆయన పరిశోధనలను నడిపిన లెడర్లీ ప్రయోగశాలనుండి 1947లో డైఇథైల్‌కార్బమజైన్ వెలువడినది. బోదవ్యాధి క్రిములపై పనిచేయు మందు అది. ఆ మాత్ర మ్రింగి బాగుపడిన కూలివాడు ఏ పత్రికలోను ఉల్లేఖనము వ్రాయడు. అతని మేలు ఏ ఆవర్జాకును ఎక్కదు.

కాలము సంగతియు చూడుడు. కలరా సూక్ష్మజీవిని కోఖ్ 1884 నాటికే గుర్తించినను, అది మనిషి నెట్లు చంపునో చిరకాలము తేలలేదు. కలకత్తాలో శంభునాథ్ డే అను వైద్యుడు 1959లో నేచర్ పత్రికలో ప్రకటించిన చిన్న వ్యాసమున, ఆ జీవి విడుచు విషమే పేగులోనికి నీటిని ఊరించునని చూపెను. తొలినాళ్లలో దానిని గుర్తించినవారు కొద్దిమంది. 1978లో నోబెల్ సదస్సుకు ఆయనకు ఆహ్వానము వచ్చెను. 1985లో ఆయన మరణించెను. మరుసటి ఏట గార్ఫీల్డే ఆయన కృషిని గూర్చి వ్రాసెను. 1960లో అంకె చూచి ధనమిచ్చు సంఘ మొకటి యున్నచో ఆయన చేతిలో కాసు పెట్టియుండునా?

అంకెయే గమ్యమైనచో మరియొక కీడు కలదు. ఒక్క ఫలితమును నాలుగు వ్యాసములుగా కోయుదురు. మిత్రులు ఒకరి నొకరు పేర్కొందురు. శిష్యుని కష్టముపై, పనిలో పాలుపంచుకొనని పెద్ద తన పేరు వ్రాయించుకొనును. ఇది తూకపురాయిని అరగదీయుటయే. కొలత చెడినపుడు నష్టపోవునది ముందు నిజాయితీగలవాడు, తుదకు రోగి.

పత్రిక ప్రతిష్ఠ కొలతతో ఒక వ్యాసము విలువను గాని, దాని కర్త విలువను గాని కట్టరాదని 2012లో రూపొందిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పుచున్నది. మనము దీనినే మన ధర్మకర్తల సభలలో అనుసరింపవచ్చును. పరిశోధకుడు సాయమునకై వచ్చినపుడు అంకెను చూడుడు, కాని అక్కడ ఆగకుడు. "నీవు చేసిన పనులలో మేలైనవి ఐదు చెప్పుము. వానివలన రోగికి గాని, తరువాతి పరిశోధకునికి గాని ఏమి మిగిలినది? అందు నీ చేతిపని యెంత?" అని అడుగుడు. విషయము తెలిసినవా రొకరిచే ఆ ఐదింటిని చదివింపుడు.

సరుకు కొనునపుడు మనము గోనెపై ముద్ర చూచి ఊరకుండము. గింజలు అరచేతిలో పోసికొని చూతుము. ధాన్యమునకు చూపు ఆ శ్రద్ధను మనుష్యులకును చూపుట న్యాయము.