నామము ఎవరిని సూచించును?

రాయపూరు ప్రాంతపు పల్లెలలో తెల్లని స్తంభముపై తెల్లని జెండా కనబడినచో, అది సత్నామీల జైత్‌ఖామ్. 1756లో గిరౌద్‌పురిలో జన్మించిన గురు ఘాసీదాసు, విగ్రహములను విడిచి సత్నామమునే స్మరించుడని వారికి బోధించెను. విగ్రహము తొలగెను, నామమును జెండాయు మిగిలెను.

1868లో ఆస్కర్ లోర్ అను మిషనెరీ వారి మధ్యకు వచ్చెను. నిజమైన సత్నామము యేసుక్రీస్తే అని మిషనెరీలు బోధించిరి. ‘సత్’ అనగా సత్యము; తానే సత్యమని ప్రభువు పలికెను గదా! వాదము మన చెవికి ఇంపుగానే యున్నది. అయితే పదము యొక్క అర్థము వేరు, అది చూపు వ్యక్తి వేరు. నామము ఎవరిని సూచించునో నిఘంటువు తేల్చజాలదు. ఆ నామమున మొరపెట్టువారు ఎవరిని తలంచుచున్నారో చూడవలెను. సత్నామీలలో అత్యధికులు ఈ బోధ వినియు తమ గురువు మార్గమునే నిలిచిరి. ఏథెన్సులో పౌలు చూచిన బలిపీఠము, తెలియదని ఒప్పుకొనెను. సత్నామీ అట్లు చెప్పలేదు. తాను పిలుచువానిని ఎరుగుదుననెను.

మరి మన ‘దేవుడు’ అను మాటయో? అదియు సంఘము పుట్టకమునుపే ఇతరుల నోట నుండినదే. అబ్రాహాము కథయు కల్వరి కథయు తెలుగు ఇండ్లలో తరతరములు చెప్పుకొనుటచేతనే అది మనకు ఆయనను చూపుచున్నది.