‘ఏం గాదు’ అన్న మాటకి కూలి

వరంగల్‌లో కారు కొన్నవాణ్ని మొదటి ఏడాది ఎవరూ ఏమీ అడగరు. ఫ్రీ సర్వీసులు అయిపోయాక మాత్రం చుట్టాలు, పక్కింటివాళ్లు, చివరికి బంకులో గాలి కొట్టే అతను కూడా ఒకటే అడుగుతారు: “షోరూమ్‌ల చేపిస్తున్నవా, బయటనా?” ఈ ‘బయట’ అన్న మాట దగ్గర నేనెప్పుడూ కాస్త ఆగుతాను. ఏ ములుగు రోడ్డులోనో, ఆటోనగర్‌లోనో పాతికేళ్లుగా ఉన్న మెకానిక్ షెడ్డు బయట. మొన్న మొన్న అద్దాల బిల్డింగులో తెరిచిన షోరూము లోపల. ఎవరికి లోపల, ఎవరికి బయట అని ఎవరూ అడగరు.

మామూలుగా ఈ చర్చ రెండు మాటల్లో తేలిపోతుంది. షోరూమ్‌లో ఖర్చెక్కువ, బయట చేయిస్తే వారంటీ పోతుంది. రెండోది మనం భయపడేంత నిజం కాదు. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులూ, లోపాలు కనిపెట్టే పరికరాలూ, రిపేరు మాన్యువల్సూ బయటి మెకానిక్‌లకి దొరక్కుండా చేస్తున్నారన్నది ఆరోపణ, అదే నిజమని తేల్చింది కమిషన్. బయట చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, ఆ రిపేరు వల్లే ఏదైనా పాడైతే ఆ మేరకే కాదనాలనీ కూడా చెప్పింది. ఆ తర్వాత షరా మామూలుగా అప్పీళ్లు. 2016లో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో జరిమానా తగ్గించింది గానీ, తప్పు తప్పే అంది. ఇక ఖర్చు సంగతి అందరికీ తెలిసిందే. నన్ను వదలనిది ఈ రెండూ తేలాక కూడా మిగిలే ప్రశ్న. నాకు తెలియని విషయంలో నాకు నిజం చెప్పేదెవరు? చెప్తే వాళ్లకేంటి?

ఒక ఉదాహరణ చెప్తాను. వారం మధ్యలో హైదరాబాద్, శని ఆదివారాలు హన్మకొండ అన్నట్టు బతుకుతున్నవాణ్ని కాబట్టి హైవే మీద నా కారు బాగానే తిరుగుతుంది. 40 వేల కిలోమీటర్ల సర్వీసుకి షోరూమ్‌లో (ఏ షోరూమో అనవసరం) ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నారు. ఆయిలు, ఫిల్టర్లు మార్పించుకుని, ప్యాడ్ల సంగతి తర్వాత చూద్దామని చెప్పి వచ్చి, మర్నాడు మా కాలనీ దగ్గరి షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన చక్రం విప్పి, ప్యాడ్ కొలిచాడు. “ఐదు మిల్లీమీటర్లుంది సార్. కొత్తది పదుంటది. ఏం గాదు, ఇంకో పదివేలు నడుస్తది. కీచుమని సౌండొస్తె రాండ్రి” అని చక్రం మళ్లీ బిగించేశాడు. ఎంతివ్వమంటారంటే, “ఏం జేసిన్నని తీస్కోవాలె సార్?” అన్నాడు.

ఈ కథ ఆఫీసులో చెప్తే అందరూ ఒకటే తీర్పిచ్చారు: షోరూమ్ దొంగ, షెడ్డు దొర. నాకలా అనిపించలేదు. ఆ సర్వీస్ అడ్వైజర్‌కి పాతికేళ్లుంటాయేమో. నన్ను మళ్లీ చూస్తే ఏడాదికి చూస్తాడు, లేదా చూడనే చూడడు, అప్పటికి వేరే కంపెనీకి మారిపోతాడు. ఈలోగా నా ప్యాడ్ అరిగి, ఏ జనగామ దగ్గరో బ్రేక్ సరిగ్గా పడకపోతే ‘మొన్ననే కదా సర్వీసు చేశారు’ అని అతని పేరు పట్టుకుని అడుగుతారు. పైగా నెల టార్గెట్టు. అలాంటి చోట కూర్చున్న మనిషికి ఐదు మిల్లీమీటర్లంటే ‘ఇప్పుడే మార్చడం మేలు’. షెడ్డాయన వచ్చే వారం నన్ను చాయ్ హోటల్ దగ్గర చూస్తాడు, సౌండొస్తే పది నిమిషాల్లో ఆయన దగ్గరుంటాను. తను చెప్పింది తప్పయితే దిద్దుకునే వీలుంది కాబట్టి ఆయనకి ‘ఏం గాదు’ అనే ధైర్యం ఉంది. ఇద్దరూ కొలిచింది ఒకటే ఐదు మిల్లీమీటర్లు. మా ఆఫీసులోనూ ఇంతే. వెళ్లిపోబోయే కన్సల్టెంట్ సిస్టమ్ మొత్తం మార్చెయ్యమని రాసి పోతాడు, రోజూ రాత్రి పేజర్ మోసేవాడు ఇంకో ఏడాది నడుస్తుందిలే అంటాడు.

కారు రిపేరు లాంటి సేవలకి ఆర్థికశాస్త్రంలో ఒక ప్రత్యేకమైన గది ఉంది. 1973లో డార్బీ, కార్నీ అనే ఇద్దరు రాసిన పేపర్‌తో మొదలైన చర్చ అది. మామిడిపండు తింటే తెలుస్తుంది తీపో పులుపో. కొన్ని సేవలు అలా కాదు, కొన్నాక కూడా అవి అవసరమైనవో కాదో మనకి తెలీదు. రోగం చెప్పేదీ మందమ్మేదీ ఒకడే అయినప్పుడు వచ్చే చిక్కు. ప్యాడ్లు మార్పించుకుని ఉంటే నా బ్రేకులు బ్రహ్మాండంగా పనిచేసేవి, నేను సంతోషంగా ఐదు నక్షత్రాలిచ్చేవాణ్ని. మోసం జరిగిందా లేదా అన్నది నాకు ఈ జన్మలో తెలిసేది కాదు. అందుకే ఇక్కడ రేటింగులు చూసి నమ్మడం నాకు వింతగా ఉంటుంది. వెయిటింగ్ హాల్లో ఏసీ, కాఫీ బాగున్నాయని అవి చెప్పగలవు, అంతే.

కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక దుకాణదారుడు వస్తాడు. ధర ఒకటే పెట్టి అందరికీ అదే ధరకి అమ్ముతాడు, చిన్నపిల్లాడొచ్చినా మోసం చెయ్యడు. అయితే అతను అలా చేసేది వ్యాపారం సాగడానికి కాబట్టి ఆ పనికి నైతికమైన విలువ లేదంటాడు కాంట్. ఈ లెక్కన షోరూమ్ ఆ దుకాణమే. గోడ మీద రేటు కార్డు, అందరికీ ఒకటే లేబర్ చార్జి. మా షెడ్డులో రేటు కార్డు లేదు. ఆయిల్ మార్చినందుకు నా దగ్గర తీసుకునేదానికీ, బొలెరో నడుపుకునే మొగిలి అవతలి ఊరి డ్రైవర్ దగ్గర తీసుకునేదానికీ తేడా ఉంటుంది. నా కళ్ల ముందే జరిగింది. నేను ‘సాఫ్ట్‌వేర్ సార్’ని. కాంట్‌కి ఇది నచ్చదు. నాకు మాత్రం ఆ తేడా పెద్ద అన్యాయంగా తోచలేదు, బేరం కూడా ఆడలేదు. ధరలో ఇద్దరం వేరైనా, ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లుందో ఇద్దరికీ ఒకేలా చెప్తాడా అన్నదే నాకు కావాలి. ఇప్పటిదాకా చెప్తున్నాడు.

అసలు ఇబ్బందంతా ఆ ‘ఏం జేసిన్నని’ అన్న మాటతో వచ్చింది. ఆయన చక్రం విప్పాడు, కొలిచాడు, పాతికేళ్ల అనుభవంతో ఒక తీర్పు చెప్పాడు, నాకు కొన్ని వేలు మిగిల్చాడు. ఇది ఆయన లెక్కలో పని కాదు. ఏదైనా మారిస్తేనే పని. పార్టు మార్చినప్పుడు స్పేర్ పార్టుల షాపువాడు ఇచ్చే కమీషన్, పైన కాస్త లేబర్, ఇవీ ఆయన సంపాదన. అంటే నాకు నిజం చెప్పిన రోజు ఆయనకి వచ్చింది సున్నా, చెప్పకపోయి ఉంటే నాలుగు రాళ్లు వచ్చేవి. షోరూమ్ కుర్రాడి టార్గెట్టు కూడా ఇదే లెక్క, కాకపోతే కంప్యూటర్‌లో ఉంటుంది. రెండు చోట్లా మనం వస్తువుకి డబ్బిస్తున్నాం, తీర్పుని కొసరుగా అడుగుతున్నాం. కూరగాయల దగ్గర కొత్తిమీర అడిగినట్టు. ఆ కొసరు శుద్ధంగా ఉండాలని మళ్లీ మన పట్టుదల. నిజాయితీ లేదు ఈ మెకానిక్‌లకి అని వాపోయేవాళ్లలో ఎవరూ, ఏమీ మార్చక్కర్లేదని చెప్పించుకుని రెండొందలు ఇచ్చి వచ్చినట్టు నేను వినలేదు. డాక్టరు ఏం లేదు ఫో అంటే ఫీజిచ్చి, పైగా దేవుడికి దణ్ణం పెట్టుకుని వస్తాం. మరి ఇక్కడ ఏమైంది? చేతికి గ్రీజు అంటుకున్నవాడి తెలివి మనకి తెలివిలా కనబడదు, చేతిపనిలా కనబడుతుంది. మాథ్యూ క్రాఫర్డ్ అని, తత్వశాస్త్రం చదివి మోటార్‌సైకిల్ షాపు పెట్టుకున్న అమెరికన్, 2009లో ఒక పుస్తకమంతా దాదాపు ఈ సంగతి మీదే రాశాడు. చదవాల్సిన పుస్తకం, కాస్త పెద్దమనిషి గొంతున్నా.

ఇంతా చెప్పి షెడ్డు వైపు మొగ్గితే మా నాన్నకి కోపం. ట్రెజరీ ఆఫీసులో రిటైరైన మనిషి, కాగితం లేని నమ్మకం ఆయనకి నమ్మకం కాదు. “మాట మీద చేసినోడు రేపు మాట మారిస్తే ఎవన్ని అడుగుతవ్?” అంటాడు. ఈ మాటని తేలిగ్గా తీసుకోలేను. 2023 జులై చివర్లో కురిసిన వానకి హన్మకొండలో నయీంనగర్, ఇటు హంటర్ రోడ్డు కాలనీలు మునిగాయి, కార్లు కిటికీల దాకా నీళ్లలో నిలబడ్డాయి. అలాంటప్పుడు మొదటి అరగంటలో కావాల్సిన సలహా ఒక్కటే: తాళం తిప్పొద్దు. సిలిండర్‌లోకి చేరిన నీళ్లు గాలిలా నలగవు, స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ మాట చెప్పడానికి పొద్దున ఆరింటికి ఫోనెత్తేది షెడ్డాయనే. కానీ మధ్యాహ్నం నుంచి నడిచేదంతా కాగితమే. సర్వేయరు, ఎస్టిమేటు, మామూలు పాలసీలో ఇలాంటి ఇంజిన్ నష్టం రాదు కాబట్టి ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకున్నారా లేదా. అక్కడ షోరూమ్ సర్వీసు చరిత్ర, సీలేసిన బిల్లు మాట్లాడతాయి. అలాగే రీకాళ్లు. తకాటా ఎయిర్‌బ్యాగుల్లో ప్రాణాలు తీసే లోపం ఉందని బయటపడ్డాక మన దేశంలో హోండా కార్లని కూడా వెనక్కి పిలిచి మార్చారు. ఆ లోపం ఏ షెడ్డు మెకానిక్ చెవికీ వినబడేది కాదు. వ్యవస్థకి సిగ్గు లేకపోవచ్చు గానీ జ్ఞాపకం ఉంది.

షెడ్డు చవకలో ఏమేం కలిసున్నాయో కూడా చూడాలి. కాలిపోయిన ఆయిల్ డ్రమ్ములో పట్టి సెంట్రింగ్ పలకలకి పూసేవాళ్లకి అమ్ముతారు, అది తర్వాత ఏ నేలలోకి పోతుందో తెలియదు. నట్లు డీజిల్లో కడిగే పిల్లాడి వయసు అడిగితే ఎక్కడ చూసినా పద్దెనిమిదే. 14 ఏళ్ల లోపు వాళ్లని పనిలో పెట్టుకోవడం 2016 చట్ట సవరణ తర్వాత కుటుంబ పనుల్లాంటి మినహాయింపులు తప్ప పూర్తిగా నిషేధం. నేను మా షెడ్డాయన్ని గట్టిగానే అడిగాను, ఆధార్ చూపించాడు. షోరూమ్‌లో కార్లు కడిగే కాంట్రాక్టు కుర్రాళ్ల జీతమెంతని మాత్రం నేనెప్పుడూ అడగలేదు, అక్కడ అడగడానికి మనిషే ఉండడు.

ప్రస్తుతానికి నా ఏర్పాటు ఇది. వారంటీ పనులు, రీకాల్, ఇన్సూరెన్స్ షోరూమ్‌లో. మిగతాదంతా షెడ్డులో, ఒక షరతు మీద. విప్పి చూసినప్పుడల్లా, ఏదీ మార్చకపోయినా, మూడొందలు. మొదట్లో ఆయన ఒప్పుకోలేదు, తన పరువు తీసినట్టు చూశాడు. రెండు నెలలకి ఒప్పుకున్నాడు గానీ, బొలెరో డ్రైవర్ దగ్గర ఇది తీసుకోనన్నాడు. నేనూ తీసుకోమనలేదు. అలాగైతే ఆ డ్రైవర్‌కి చెప్పే నిజం ఇంకా కొసరుగానే మిగిలింది కదా అంటే, నా దగ్గర సమాధానం లేదు.

నాన్న కోసం కాగితం కూడా రాయించాను. మొన్న బిల్లు బుక్కులో నుంచి చింపిచ్చిన చిట్టీ చూసి, కళ్లద్దాలు సర్దుకుని, “గీ మూడొందలు దేనికిరా?” అన్నాడు.

“చెకింగ్‌కి.”

“ఏం మార్చిండు?”

“ఏం మార్చలే.”

కాసేపు చిట్టీనే చూసి, “తారీఖు ఎయ్యలే, ఏపిచ్చుకరా” అన్నాడు.