కోరి తెచ్చుకొన్న కష్టము

ఆట యనగా కష్టమునుండి విశ్రాంతి యని లోకము తలంచును. దినమెల్ల శ్రమించినవాడు సాయంకాలమున కొంతసేపు వినోదించుట న్యాయమేయని పెద్దలును ఒప్పుకొందురు. కాని పనికంటె కష్టమైన ఆటను కోరి తెచ్చుకొని, అందులో నూఱుసార్లు ఓడి, ఆ ఓటమియే తనకు సంతోషమని చెప్పువానిని చూచినప్పుడు మన సిద్ధాంతము తడబడును. విశ్రాంతి కొఱకే యైనచో కష్టమేల? కష్టమే కావలయు ననినచో లోకమున దానికి కొఱతయా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనుపట్టును. కాని త్రవ్వినకొలది మన ఇండ్లలోనికిని, మన పాఠశాలలలోనికిని దారితీయుచున్నది. కావున దీనిని కొంత విచారింప బూనితిమి.

హైదరాబాదు నగరమున బాలానగర్ యంత్రముల పేట. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి కర్మాగార మిచ్చట నున్నది. పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్రసంస్థ 1968 నుండి ఇచ్చట నడచుచున్నది. 1970లో స్థాపితమైన ఎంటార్ కర్మాగారమున మన అంతరిక్షసంస్థ రాకెట్లకు వలయు వికాస్ ఇంజనులు తయారగుచున్నవి. ఉపగ్రహములు పంపు చిత్రములనుండి మన పొలములను, చెఱువులను, వరదలను లెక్కించు జాతీయ దూరసంవేదన కేంద్రమునకు ప్రధాన కార్యాలయము ఈ పేటయే. ఈ పెద్ద సంస్థల నడుమ సందుసందునను లేతు యంత్రముల షెడ్లు కలవు. పడమట 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి పెరిగిన హైటెక్ సిటీ అద్దాల మేడలు వేఱొక లోకము. అచ్చటివారు అక్షరములతో పనిచేయుదురు, ఇచ్చటివారు ఇనుముతో పనిచేయుదురు.

ఈ పేటలో మే మెఱిగిన గృహస్థు డొకడు కలడు. నలుబది యేండ్లు దాటినవాడు. పగలు మిల్లీమీటరులో నూఱవవంతు తేడా రాకుండ లోహమును చెక్కించుట ఆయన వృత్తి. ఇంటర్నెట్ కేఫులలో గంటల లెక్కను రుసుము చెల్లించి ఆడిన నాటినుండి నేటివఱకు కంప్యూటరు ఆటలలో ఆరితేరినవాడు. తుపాకుల ఆటలు, కారు పందెములు, రాజ్యములు గెలుచు ఆటలు అన్నియు ఆడి ఆడి విసిగి, కొన్నియేండ్లుగా ఒక్క ఆటనే పట్టుకొని యున్నాడు. దాని పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికో దేశమున పుట్టి, 2011లో తొలిసారి లోకమునకు వచ్చి, 2015లో పూర్తి రూపమును పొందినది. అంతరిక్షయానమును అనుకరించు ఆటలలో ఇది మొదటిది కాదు. 2000లోనే మార్టిన్ ష్వైగర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్బిటర్ అను దానిని రచించి యుండెను. కాని హాస్యమును శాస్త్రమును ఒక్కచోట కూర్చుటలో దీనికి సాటి లేదు.

చదువరులలో దీనిని చూడనివారి కొఱకు రెండు మాటలు చెప్పవలయును. ఆటలో కెర్బిన్ అను గ్రహము కలదు. దాని వ్యాసార్ధము 600 కిలోమీటర్లు. అచ్చటి నివాసులు పెద్ద కన్నుల పచ్చని పొట్టివారు. ఆటగాడు ఇంజనులను, ఇంధనపు తొట్లను, రెక్కలను తానే కూర్చి రాకెట్టును కట్టి వారిని ఆకాశమునకు పంపవలయును. క్రొత్తవాడు నిట్టనిలువుగా పైకెగిరిన చాలుననుకొనును. ఎగురును, ఎగిరినంత వేగముగా తిరిగి పడును. కక్ష్యలో నిలుచుటకు ఎత్తు మాత్రము చాలదు, అడ్డముగా సాగు వేగము కావలయును. ఆ గ్రహముమీద అది సెకనుకు ఇంచుమించు 2,300 మీటర్లు. మన భూమిమీద నైనచో ఇంచుమించు 7,800 మీటర్లు. ఇక ఎక్కువ ఇంధనము నింపుదమన్న, ఆ ఇంధనమును మోయుటకు మఱికొంత ఇంధనము కావలయును. అప్పు తీర్చుటకు అప్పు చేసినట్లు బరువు పెరుగును గాని వేగము ఆ లెక్కను పెరుగదు. 1903లో రష్యాదేశపు ఉపాధ్యాయుడు సియొల్కోవ్‌స్కీ ప్రకటించిన సూత్ర మిదియే. ఆటగాడు సూత్రమును చదువకపోవచ్చును; కాని పది రాకెట్లు కూలిన పిదప అది ఆయన చేతివ్రేళ్లకు తెలియును.

మఱియొక విచిత్రము. ఒకే కక్ష్యలో ముందు పోవుచున్న నౌకను అందుకొనవలయునన్న ఏమి చేయవలయును? వేగము పెంచవలయునని ఎవరైనను చెప్పుదురు. పెంచినచో కక్ష్య పైకిపోయి, చుట్టు పెద్దదై, మనము ఇంకను వెనుకబడుదుము. కావున ముందు పోవువానిని అందుకొనుటకు వేగము తగ్గింపవలయును. అప్పుడు కక్ష్య క్రిందికి దిగి, చుట్టు చిన్నదై, మనము ముందునకు వత్తుము. 1965 జూనులో జెమిని 4 నౌకలోని అమెరికా వ్యోమగామి తమ రాకెట్టు యొక్క ఖాళీ భాగమును కంటికి కనుపించినట్లే తరిమి చూచి, ఇంధనము వ్యయమగుచుండగా విరమించుకొనెను. ఆ డిసెంబరులో జెమిని 6ఏ నౌక లెక్కప్రకారము నడచి జెమిని 7 చెంతకు చేరెను. మన దేశము 2024 డిసెంబరు 30న శ్రీహరికోటనుండి పంపిన స్పేడెక్స్ జంట ఉపగ్రహములు, అనుకొన్న దినములు రెండు మార్లు వాయిదాపడిన పిదప, 2025 జనవరి 16న ఒకదాని నొకటి కలిసికొన్నవి. ఆ వార్తను చదివి మనలో పలువురు గర్వించిరి. ఆ వాయిదాలలోని ఓర్పు ఎట్టిదో ఎఱిగి గర్వించినవారిలో మన బాలానగర్ ఆటగా డొకడు.

ఇట్టి ఆటమీద మొదటి ఆక్షేపణ తెలిసినదే: దీనివలన ప్రయోజనమేమి? ఆటను ప్రయోజనముతో కొలుచువాడు దానిని మఱియొక ఉద్యోగముగా మార్చుచున్నాడు. బెర్నార్డ్ సూట్స్ అను తత్త్వవేత్త 1978లో ఆటకు చెప్పిన లక్షణ మేమనగా, అవసరము లేని అడ్డంకులను మనయంతట మనము అంగీకరించి వానిని దాటజూచుటయే ఆట యని. గుంతలో బంతి వేయుటయే పనియైనచో చేతితో తీసికొనిపోయి వేయవచ్చును. దూరమునుండి కఱ్ఱతో కొట్టి వేయుట యేల? ఆ కఱ్ఱయే ఆట. బ్రహ్మసూత్రములు సృష్టిని లీల యనినవి. పూర్ణుని లీలకు లోటు లేదు, కావున నియమములును లేవు. అపూర్ణుడైన మానవుని ఆట వేఱు. అతడు తనకు తానే నియమము విధించుకొని, ఆ నియమము లోపల తన శక్తి యెంతటిదో తెలిసికొనును. ఈ యెఱుకయందు సంతోషమున్నది. దీనికి వేఱు ప్రయోజనమును వెదకనక్కఱలేదు.

రెండవ ఆక్షేపణ బరువైనది. నష్టము లేని ఓటమి ఓటమియేనా? ఆటలో రాకెట్టు కూలినచో ఒక్క మీట నొక్కి ఎగురవేతకు ముందటి స్థితికి మరలవచ్చును. చచ్చిన పచ్చని బొమ్మ మరల నవ్వుచు కూర్చుండును. నిజమైన ఆకాశమున ఇట్టి మీట లేదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక తిరిగివచ్చుచు విరిగిపోయినప్పుడు కల్పనా చావ్లాతో కూడ ఏడుగురు మరణించిరి. వారిని వెనుకకు మరలించు ఉపాయము ఎవ్వరియొద్దను లేకపోయెను. ఫలితము లేని సాహసమునకు అలవాటుపడినవాడు ఫలితమున్నచోట బాధ్యత మఱచునేమో యను భయము నిరాధారము కాదు.

మే మెఱిగిన ఆటగాడు ఆ మీటను తన ఆటలో మూసివేసికొన్నాడు. ఆట అందుల కవకాశ మిచ్చును. అభిమన్యుడు పద్మవ్యూహమును చొచ్చుట నేర్చెను గాని వెడలుట నేర్వలేదు. క్రొత్త ఆటగాండ్రందఱు మొదట అభిమన్యులే, చంద్రునివఱకు పోవుదురు గాని తిరిగివచ్చుటకు ఇంధనము మిగులదు. ఈయన పచ్చని బొమ్మ యొకటి అట్లే చిక్కుకొనినది. ఆయన దానిని విడువలేదు. రక్షించుటకు పంపిన మొదటి నౌక కూలినది, రెండవది దూరమున దిగినది. మూడువారముల రాత్రులు గడచిన పిదప మూడవది దానిని ఇంటికి చేర్చినది. దానికి ప్రాణము లేదుగదా యని మే మడిగితిమి. ప్రాణము లేదు గాని, పంపినది నేనేగదా యని ఆయన ప్రత్యుత్తరము. ఈ మాటను మేము చాలకాలము తలపోసితిమి. బాధ్యత ఎదుటి వస్తువునందు లేదు, చేసినవానియందు ఉన్నది. చిత్తరువుమీద ఉమ్మివేయుట తప్పని మన మనుకొనుటకును కారణ మిదియే.

అయితే ఆ యింటి ఇల్లాలు ఒకనాడు మా యెదుటనే భర్తను ప్రశ్నించినది: “మీ రాకెట్టు కూలితే నవ్వుతరు, పిల్లగానికి మార్కులు తక్కువొస్తే ఇల్లు లేపుతరు. ఇదేం న్యాయం?” తొమ్మిదవ తరగతి చదువు కుమారుడు గణితపు పరీక్షాపత్రమును పరుపు క్రింద దాచినాడట. ఆ గృహస్థుడు ఉత్తర మీయలేదు. ఉత్తరము లేకపోవుటయే ఆయన సజ్జనత్వమునకు గుర్తు. ఆయన తన రాకెట్టు ఎందుకు కూలినదో కాగితముమీద వ్రాసికొనును; కుమారుడు తాను ఎందుకు తప్పెనో చూపుటకే భయపడును. ఒకే ఇంటిలో ఓటమికి రెండు ధర్మములు నడచుచున్నవి.

ఇది ఒక్క యింటి కథ కాదు. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. అట్టి మరణములకు ఒక్కటే కారణము చెప్పుట సాహసము. ఆ పిల్లలలో ఏ యొక్కరి హృదయమునైనను మనము చదువలేదు. కాని ఒక్క మాట నిశ్చయము. ఒకసారి తప్పుట జీవితమున కంతమని పిల్లవానికి తోచునట్లు చేసిన సమాజము తాను నిరపరాధినని చెప్పుకొనజాలదు. మేము ఉపాధ్యాయవృత్తి యందున్నవారము. పిల్లలు జవాబు తెలియక మౌనముగా నుండుట తక్కువ, తప్పగునేమో యని మౌనముగా నుండుట ఎక్కువ. తప్పును దాచినచోట విద్య ఆగిపోవును.

ఓటమిని గౌరవముతో చూచుట ఎట్లో మన దేశమున తెలియని విద్య కాదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రెండవ దశయొక్క నియంత్రణ చెడి, ఐదు నిమిషములు దాటిన పిదప బంగాళాఖాతమున పడినది. ఆ పథకమునకు నాయకుడు అబ్దుల్ కలామ్. కాని పత్రికలవారి యెదుట నిలిచి ఓటమిని తనపై వేసికొనినవాడు సంస్థాధ్యక్షుడు సతీష్ ధవన్. 1980 జూలై 18న అదే రాకెట్టు జయించినప్పుడు ఆయన తాను వెనుక నిలిచి కలామును మాటలాడుమని ముందునకు పంపెను. ఈ వృత్తాంతమును కలామ్ తన జీవితమంతయు చెప్పుచుండెను. మఱల 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 దిగు నౌక చంద్రునిపై కూలినప్పుడు, శాస్త్రజ్ఞులు తప్పులను దాచక లెక్కించి, ఏది చెడినను నిలువగల నౌకను కట్టవలయునను తలంపుతో క్రొత్తదానిని కట్టిరి. 2023 ఆగస్టు 23న అది దిగినది. ఆ దినమున మన పాఠశాలలలో పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లలో నాలుగేండ్ల క్రిందటి ఓటమికి కూడ పాలున్నదని మనలో ఎందఱము వారికి చెప్పితిమి?

భారతమున జూదమాడి సర్వము పోగొట్టుకొన్న ధర్మరాజునకు అడవిలో బృహదశ్వుడు నలుని కథ చెప్పెను. నలుడును జూదమున రాజ్యము కోలుపోయినవాడే. పిదప ఋతుపర్ణునియొద్ద అక్షహృదయమను లెక్కవిద్య నేర్చి తిరిగి గెలిచెను. ఆ విద్యనే బృహదశ్వుడు ధర్మరాజునకును ఉపదేశించెను. ఓడినవానిని చీవాట్లు పెట్టుటకు అడవికి వచ్చినవారు మఱికొందఱుండవచ్చును. లెక్క నేర్పినవాడు మాత్రము బృహదశ్వుడు. ఉపాధ్యాయునకును తండ్రికిని ఇంతకంటె మంచి ఆదర్శము వేఱొకటి కావలయునా?

కావున మా అభిప్రాయ మిది. పిల్లలందఱిని కంప్యూటరుల ముందు కూర్చుండబెట్టుమని మేము చెప్పుట లేదు. నిద్రను, చదువును, ఇంటివారితో గడపు కాలమును మ్రింగు ఆట యెంత శాస్త్రీయమైనను వ్యసనమే. మూడువారముల రాత్రులు బొమ్మకొఱకు మేలుకొన్నవాడు మూడు సాయంకాలములు కుమారునికొఱకు కేటాయింపకున్నచో ఆతని బాధ్యతాజ్ఞానము తెరలోనే మిగిలిపోవును. కాని కష్టమైన ఆట నేర్పు గుణములు రెండు తెర యీవలికి తెచ్చుకొనదగినవి. తప్పు జరిగినచోట ఎవరినని గాక ఎందుకని అడుగుట యొకటి. ఓటమిని చెఱిపివేయక, అది జరిగినదని యొప్పుకొని, దానిపైననే తరువాతి మెట్టు కట్టుట రెండవది. తెరమీది తప్పునకు వెల లేదు, ఆకాశమున తప్పునకు ప్రాణమే వెల. ఈ రెంటి నడుమ పాఠశాల యున్నది. అచ్చట తప్పునకు వెల యుండవలయును గాని, ఆ వెల పిల్లవాడు చెల్లింపగలిగినది కావలయును: మరల ప్రయత్నించుటకు పట్టు శ్రమ మాత్రమే. అంతకు మించి అడుగు హక్కు తల్లిదండ్రులకును లేదు, ఉపాధ్యాయులకును లేదు.